అత్తయ్య, మామయ్యలను యూకేకి ఏ నెలలో పిలవాలి? ఏడాదంతా చూసినవాళ్ళు చెప్పండి

లీడ్స్_లక్ష్మి · 3 నవంబర్ 2024

ఆగస్టులో కాకినాడ నుంచి వచ్చాం. అప్పుడు రాత్రి ఎనిమిదిన్నర దాటినా వెలుగే. పిల్లలు పార్కులోంచి రానని మారాం చేసేవాళ్ళు. పోయిన ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పారు. ఇప్పుడు బాబుని మూడుంబావుకి స్కూల్ నుంచి తీసుకొచ్చి, నర్సరీకి వెళ్ళి పాపని తెచ్చేసరికి చీకటి పడిపోతోంది. అక్కణ్ణుంచి నిద్రపోయేదాకా ఇద్దర్నీ ఇంట్లో ఎలా ఆడించాలో తోచట్లేదు. సెప్టెంబర్ నుంచి పాపకి ముక్కు కారడం ఆగలేదు. నర్సరీ వాళ్ళు జ్వరం అని ఫోన్ చేస్తే మా ఇద్దర్లో ఒకరు సెలవు పెట్టాల్సిందే.

మా వారు అత్తయ్యగార్నీ మామయ్యగార్నీ ఇప్పుడే పిలిపిద్దాం అంటున్నారు. విజిటర్ వీసా ఆరు నెలలే కదా, ఆ ఆరు నెలలూ చలికాలానికే వాడుకుందాం అని ఆయన లెక్క. నా భయం వేరు. మామయ్యగారు పొద్దున ఐదింటికి లేచి కాలవ గట్టున నడిచి, దారిలో నలుగుర్ని పలకరించి ఇంటికొచ్చే మనిషి. అత్తయ్యగారికి పెరడే లోకం. వాళ్ళని తెచ్చి తలుపులు మూసిన ఇంట్లో కూర్చోబెడితే ఏం బాగుంటుంది? ఏ ఆరు నెలలు పిలవాలి?

స్లౌ_సుబ్బు · 3 నవంబర్

మీ వారి మాటే కరెక్ట్. మనిషి సాయం కావాల్సింది చలికాలంలో. ఎండాకాలంలో పిల్లల్ని పార్కులో వదిలేస్తే వాళ్ళే ఆడుకుంటారు. ఇప్పుడే పిలవండి.

చింతచిగురు · 3 నవంబర్

పిలవొద్దు. మా అమ్మ నవంబర్లో వచ్చి సంక్రాంతికి ముందే టికెట్ మార్పించుకుని వెళ్ళిపోయింది. మేమిద్దరం ఎనిమిదింటికి చీకట్లో వెళ్ళి చీకట్లో వచ్చేవాళ్ళం. రోజంతా ఆవిడ కిటికీ దగ్గర కూర్చునేది. వీధిలో మనిషి కనపడడు. పక్కింటివాళ్ళు మంచివాళ్ళే, కానీ జనవరిలో వాళ్ళూ తలుపు తీయరు కదా. అమ్మ ఒక్క ఫిర్యాదూ చెయ్యలేదు. నాకు ఇప్పటికీ మనసులో ఉండిపోయింది.

గోదారిగట్టు · 3 నవంబర్

లక్ష్మిగారూ, బర్మింగ్‌హామ్ దగ్గర ఇరవయ్యేళ్ళకు పైగా ఉంటున్నాను. మా అమ్మానాన్నలు, మా ఆవిడ అమ్మానాన్నలు అన్ని కాలాల్లోనూ వచ్చి వెళ్ళారు. నేను చెప్పేది ఒక్కటే. ఇక్కడ ఏడాదిని చలితో లెక్కపెట్టకండి, వెలుగుతో లెక్కపెట్టండి. చలికి కోటు ఉంది, హీటర్ ఉంది. చీకటికి ఏమీ లేదు.

కాకినాడలో బాగా పెద్ద పగటికీ బాగా చిన్న పగటికీ తేడా రెండు గంటలు. మీ లీడ్స్‌లో డిసెంబర్ మూడో వారం సూర్యుడు ఎనిమిదింబావు దాటాక వచ్చి మూడూ ముప్పావుకి వెళ్ళిపోతాడు. జూన్ మూడో వారం నాలుగున్నరకి వచ్చి రాత్రి తొమ్మిదీ నలభైకి గానీ దిగడు. ఏడున్నర గంటల పగలెక్కడ, పదిహేడు గంటల పగలెక్కడ! పెద్దవాళ్ళ దినచర్య అంతా పొద్దుతో ముడిపడి ఉంటుంది. నిద్ర, నడక, దీపం పెట్టడం, భోజనం అన్నీ. ఆ పొద్దే లేకపోతే వాళ్ళకి రోజు గడవదు.

ఫిబ్రవరిలో పగలు గబగబా పెరుగుతుంది. వెలుగు వచ్చినా చలి మాత్రం ఏప్రిల్ దాకా కదలదు. మార్చి ఆఖరి ఆదివారం గడియారాలు ముందుకి తిప్పుతారు, ఆ రోజు నుంచీ సాయంత్రం అనేది మళ్ళీ ఉంటుంది. మే, జూన్ ఈ దేశంలో అన్నిటికంటే మంచి నెలలు. జూలై ఆఖర్న స్కూళ్ళు మూసేస్తారు, ఆరు వారాలు సెలవులు. అసలు మనిషి సాయం కావాల్సింది అప్పుడు, సుబ్బుగారూ. ఇద్దరు పిల్లల్ని హాలిడే క్లబ్‌లో వెయ్యడానికి ఎంత అడుగుతున్నారో మీకు తెలుసు.

ఏప్రిల్లో దిగి అక్టోబర్ మొదట్లో వెళ్ళేలా చూడండి. ఉగాది దాటాక రావడం, దసరా చేసుకుని వెళ్ళడం.

స్లౌ_సుబ్బు · 3 నవంబర్

హాలిడే క్లబ్ మాట నిజమే, ఒప్పుకుంటున్నా. కానీ మరి ఈ చలికాలం ఆవిడ ఒక్కతే ఎలా నెట్టుకురావాలి?

గ్లాస్గో_గౌతమ్ · 4 నవంబర్

ఆ ఆరు వారాల మాట ఇంగ్లండ్‌ది. మా స్కాట్లండ్‌లో స్కూళ్ళు జూన్ ఆఖర్నే మూసేసి ఆగస్టు మధ్యలో తెరుస్తారు. ఆగస్టు ఆఖరి సోమవారం మీకు సెలవు, మాకు మొదటి సోమవారం. స్కాట్లండ్ వాళ్ళెవరైనా ఇది చదివి టికెట్లు కొనేముందు మీ కౌన్సిల్ క్యాలెండర్ చూసుకోండి. లండన్ బంధువుల మాట విని మా తోడల్లుడు సరిగ్గా స్కూల్ తెరిచే వారానికి అమ్మానాన్నల్ని దింపాడు.

నర్స్_అక్క · 4 నవంబర్

లక్ష్మీ, ముందు పాప సంగతి. నర్సరీలో చేరిన మొదటి చలికాలం ప్రతి ఇంట్లో ఇదే. ఒక జలుబు తగ్గకముందే ఇంకోటి అంటుకుంటుంది. వచ్చే ఏడాదికి చాలా మటుకు తగ్గుతుంది. రెండు, మూడేళ్ళ పిల్లలకి ఫ్లూ టీకా జీపీ (మనం పేరు నమోదు చేసుకున్న ఫ్యామిలీ డాక్టర్) దగ్గర ముక్కులో స్ప్రేగా ఇస్తారు. బాబుకి స్కూల్లోనే ఇస్తారు, ఆ అనుమతి ఫారం ఈమెయిల్లో వచ్చి ఉంటుంది, వెతుకు. ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉంటే 999కి (అంబులెన్స్), పాలూ నీళ్ళూ తాగకపోయినా, డైపర్ తడవకపోయినా 111కి (ఆరోగ్య సలహా లైన్) ఆలోచించకుండా ఫోన్ చెయ్యి.

రెండోది విటమిన్ డి. ఇక్కడ శరదృతువు, చలికాలాల్లో అందర్నీ రోజుకి 10 మైక్రోగ్రాములు తీసుకోమంటారు, అంటే 400 యూనిట్లు. మన ఒంటిరంగు వాళ్ళు ఏడాది పొడుగునా వేసుకోవడం మంచిదని ఎన్‌హెచ్‌ఎస్సే (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) చెబుతుంది. ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లలకి చుక్కల రూపంలో రోజూ ఇవ్వాలి. ఇంట్లో అందరికీ ఒకే టైం పెట్టుకో, పొద్దున పళ్ళు తోముకున్నాక అయితే మర్చిపోరు.

మూడోది, ఎవరూ చెప్పనిది. పెద్దవాళ్ళు ఏ కాలంలో వచ్చినా ఇన్సూరెన్స్ లేకుండా విమానం ఎక్కించకండి. విజిటర్లకి ఇంగ్లండ్‌లో జీపీ చూడటం, ఎమర్జెన్సీ డిపార్ట్‌మెంట్‌లో చూడటం ఉచితం. వార్డులో చేర్చుకున్న దగ్గర్నుంచి బిల్లు మొదలవుతుంది, అది కూడా ఎన్‌హెచ్‌ఎస్ ఖర్చుకి ఒకటిన్నర రెట్లు. బీపీ, షుగర్ ఉంటే ఆ సంగతి దాచకుండా చెప్పి పాలసీ తీసుకోవాలి. దాచారా, ఆ కాగితం ఎందుకూ పనికిరాదు.

పాలమూరు_పిల్ల · 4 నవంబర్

అందరూ చలికాలం అంటే జైలు అన్నట్టు చెప్తున్నారు. మా అమ్మ అక్టోబర్ల వచ్చి మార్చి దాకా ఉంది, మస్తు సంతోషంగా ఉంది. కారణం చెప్తా. మేము లెస్టర్‌ల ఉంటం. బయటికి అడుగుపెడితే మన దుకాణాలు, గుడి, చీర కట్టుకున్న ఆడవాళ్ళు. పక్క వీధిల గుజరాతీ పెద్దమ్మ ఒకామె రోజూ మధ్యాహ్నం వచ్చి కూర్చునేది. అమ్మకు గుజరాతీ రాదు, ఆమెకు తెలుగు రాదు, ఇద్దరూ వచ్చీరాని హిందీల ముచ్చట పెట్టుకుంటా చిక్కుడుకాయలు ఒలిచేటోళ్ళు. దీపావళికి గోల్డెన్ మైల్ (మన దుకాణాలుండే పెద్ద వీధి) మీద దీపాలు, నెల తిరగకముందే క్రిస్మస్ దీపాలు. పెద్దోళ్ళకు కావల్సింది వెలుగు కాదు, మనుషులు.

గోదారిగట్టు · 4 నవంబర్

మీ మాట కాదనను. కానీ లెస్టర్ లాంటి ఊళ్ళు ఎన్ని ఉన్నాయి? లక్ష్మిగారి వీధిలో తెలుగువాళ్ళు లేరనుకుంటా. వేసవిలో మనుషులే బయటికి వస్తారు, పెద్దవాళ్ళు వెతుక్కోవక్కర్లేదు.

చింతచిగురు · 4 నవంబర్

పాలమూరు పిల్ల మాట నాకు బాగా తగిలింది. మా అమ్మకి రోజూ మాట్లాడే ఒక్క మనిషి దొరికి ఉంటే ఉండిపోయేదేమో.

లీడ్స్_లక్ష్మి · 6 నవంబర్

ఇన్ని సంగతులు ఎవరూ చెప్పలేదు, ఆఫీసులో అడిగితే అందరూ "కోటు కొనుక్కో" అన్నారంతే. మా వారికి ఈ పోస్టులన్నీ చదివి వినిపించాను. ఏప్రిల్ అని తేల్చుకున్నాం. ఈ లోగా ఇంకో సమస్య. బెడ్‌రూమ్ మూలలో గోడ నల్లబడుతోంది. పొద్దున కిటికీ అద్దాల మీద నీళ్ళు కారుతున్నాయి. ఓనర్ ఏజెంటుకి చెబితే కిటికీలు తెరవండి అంటున్నాడు. ఐదు డిగ్రీల చలిలో కిటికీలా!

తోటమాలి_రెడింగ్ · 6 నవంబర్

తెరవాలండీ, కానీ రోజంతా కాదు. పొద్దున పది నిమిషాలు ఎదురెదురు కిటికీలు పూర్తిగా తీసి మూసెయ్యండి. గదిలో తడిగాలి బయటికి పోతుంది, అంతలో గోడలేమీ చల్లబడిపోవు. బట్టలు రేడియేటర్ మీద ఆరేస్తున్నారా? ఆ నీళ్ళన్నీ చివరికి గోడకే చేరతాయి. డీహ్యుమిడిఫయర్ (గాలిలో తేమ లాగే మిషను) ఒకటి కొని, బట్టల స్టాండ్, అదీ ఒకే గదిలో పెట్టి తలుపు మూసెయ్యండి. రాత్రి పెడితే పొద్దునకి ట్యాంకు నిండా నీళ్ళు. పప్పు ఉడికేటప్పుడు, ఇడ్లీ పెట్టేటప్పుడు వంటింటి తలుపు వేసి ఫ్యాన్ వెయ్యండి. మన వంటలో ఆవిరి వీళ్ళ వంటకంటే చాలా ఎక్కువ. మంచానికీ బయటి గోడకీ మధ్య జానెడు సందు ఉంచండి.

ఏజెంటుకి మాత్రం ఫోటోలతో ఈమెయిల్ పెట్టండి, ఫోన్‌లో చెబితే లెక్కలోకి రాదు. పైకప్పు లీకో, పైపు లీకో అయితే ఎన్ని కిటికీలు తెరిచినా ఆగదు, అది వాళ్ళు బాగు చేయించాల్సిందే.

స్లౌ_సుబ్బు · 6 నవంబర్

పిల్లలకి చీకటి కాలక్షేపం: టార్చిలైటు ఇచ్చి కోటు తొడిగి వీధి చివర దాకా నడిపించండి. మా వాడికి ఐదేళ్ళప్పుడు అదే పెద్ద సాహసం. శనివారం పొద్దున ఈత క్లాసు. వానొచ్చినా బయటికే, పైనుంచి కిందిదాకా ఒకే ముక్కగా ఉండే వాటర్‌ప్రూఫ్ సూటు దొరుకుతుంది, రబ్బరు బూట్లు వేసి గుంటల్లో దూకనివ్వండి.

గ్లాస్గో_గౌతమ్ · 6 నవంబర్

వానంటే గుర్తొచ్చింది. లండన్‌లో ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్లు పడుతుంది, హైదరాబాద్‌లో 800 దాకా. మనకి నాలుగు నెలల్లో కుండపోతగా పడేది వీళ్ళకి ఏడాదంతా తుంపర. గొడుగు పనికిరాదు, గాలికి తిరగబడుతుంది. టోపీ ఉన్న జాకెట్టే.

పాలమూరు_పిల్ల · 7 నవంబర్

గౌతమ్ బ్రదర్, మీ గ్లాస్గో వాన సంగతి మాత్రం చెప్పలే 🙂

గ్లాస్గో_గౌతమ్ · 7 నవంబర్

అది చెబితే మా అత్తగారు రానంటారు. ఆవిడ కూడా ఈ ఫోరం చదువుతారు.

లీడ్స్_లక్ష్మి · 6 జనవరి 2025

నిన్నటి నుంచి మంచు. తెల్లారి చూస్తే కార్లు కనపడట్లేదు. స్కూల్ మూశారని మెసేజ్ వచ్చింది. పిల్లలిద్దరూ ఆనందంతో అరుస్తున్నారు. బాయిలర్ మాత్రం ఆగిపోయింది, లోపల గడగడా శబ్దం వస్తోంది. ఇంజనీరు ఎల్లుండి దాకా రాడట. ఇల్లు చల్లబడుతోంది, ఎవరికైనా తెలుసా?

తోటమాలి_రెడింగ్ · 6 జనవరి

బాయిలర్ నుంచి గోడ బయటికి సన్నటి ప్లాస్టిక్ పైపు ఒకటి డ్రైన్లోకి దిగుతుంది చూడండి. అందులో నీళ్ళు గడ్డకట్టి ఉంటాయి. గోరువెచ్చటి నీళ్ళు మగ్గుతో దాని మీద పొయ్యండి, మరిగే నీళ్ళు వద్దు, పైపు పగులుతుంది. నేలమీద పడ్డ నీళ్ళు మళ్ళీ గడ్డకట్టి జారతాయి, ఉప్పు చల్లండి. తర్వాత రీసెట్ బటన్ నొక్కండి.

లీడ్స్_లక్ష్మి · 6 జనవరి

వెలిగింది! మా వారు మగ్గుతో బయట నిలబడి ఉంటే నేను లోపల్నుంచి బటన్ నొక్కాను. మీ పేరు చెప్పి ఇవాళ పాయసం చేస్తాను.

స్లౌ_సుబ్బు · 7 జనవరి

కారు అద్దం మీద మంచుకి కూడా వేడినీళ్ళు పొయ్యకండి. గోకుడు చెక్క, స్ప్రే అంతే. పక్కింటాయన కెటిల్ తెచ్చి పోశాడు, అద్దం అడ్డంగా చీలింది.

గ్లాస్గో_గౌతమ్ · 24 జనవరి

ఇవాళ మాకు ఏయోవిన్ తుఫాను. రెడ్ వార్నింగ్, స్కూళ్ళు మూత, రైళ్ళు బంద్. పెరట్లో ట్రాంపోలిన్ ఎవరింట్లో ఉందో అక్కడ లేదు. అందరూ ఇంట్లోనే ఉండండి.

చింతచిగురు · 2 ఫిబ్రవరి

ఈ నెల గడవటం కష్టంగా ఉంది. పండగల్లేవు, సంక్రాంతి అయిపోయింది. పొద్దున లేవాలనిపించట్లేదు. పిల్లాడి మీద ఊరికే విసుక్కుంటున్నాను. ఇది అందరికీ ఉండేదేనా?

నర్స్_అక్క · 2 ఫిబ్రవరి

చాలామందికి ఉంటుంది, అలాగని పళ్ళు బిగబట్టి భరించక్కర్లేదు. మధ్యాహ్నం భోజనం టైంలో అరగంట బయట నడువు, మబ్బు పట్టినా సరే, బయటి వెలుగు ఇంట్లో దీపాలకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. 10,000 లక్స్ లైట్‌బాక్సులు దొరుకుతాయి, పొద్దున టిఫిన్ చేస్తూ పక్కన పెట్టుకోవచ్చు. కంటి జబ్బుంటే ముందు డాక్టర్ని అడుగు. రెండు వారాలు దాటినా ఇలాగే ఉంటే జీపీ దగ్గరికి వెళ్ళు. ఇంగ్లండ్‌లో టాకింగ్ థెరపీకి (మాటలతో చేసే మానసిక చికిత్స) జీపీ చీటీ లేకుండా నువ్వే పేరు ఇచ్చుకోవచ్చు. నాకు ప్రైవేటుగా మెసేజ్ పెట్టు, ఫోన్‌లో మాట్లాడుకుందాం.

పాలమూరు_పిల్ల · 2 ఫిబ్రవరి

చింతచిగురు అక్కా, ఈ శనివారం లెస్టర్ రా. రైలు దిగితే నేనొచ్చి తీసుకపోతా. మొక్కజొన్న గారెలు చేస్తా, పిల్లలు ఆడుకుంటరు.

లీడ్స్_లక్ష్మి · 18 ఫిబ్రవరి

వీసాకి అప్లై చేస్తున్నాం. తేదీ ఏది పెట్టాలి?

గోదారిగట్టు · 18 ఫిబ్రవరి

ఇది చాలామందికి తెలియదు. ఆరు నెలల లెక్క వాళ్ళు దిగిన రోజు నుంచి కాదు, వీసా మీద వేసిన మొదటి తేదీ నుంచి. అసలు ప్రయాణం కంటే ముందు తేదీ రాస్తే ఆ మధ్య రోజులు పోయినట్టే. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచీ అప్లై చెయ్యొచ్చు. రావడానికి కారణం ఉన్నది ఉన్నట్టు రాయండి: కొడుకునీ మనవల్నీ చూడటానికి, ఎవరి ఇంట్లో ఉంటారు, ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, తిరిగి వెళ్ళాక అక్కడ ఏముంది. మామయ్యగారి పెన్షన్ కాగితాలు, ఇంటి కాగితాలు జతచెయ్యండి.

లీడ్స్_లక్ష్మి · 30 మార్చి

వీసాలు వచ్చాయి! ఏప్రిల్ రెండో వారంలో మాంచెస్టర్‌లో దిగుతున్నారు. ఇవాళ ఉగాది, గడియారాలు గంట ముందుకి, ఇక్కడి మదర్స్ డే, అన్నీ ఒకే రోజు. నిన్న పొద్దున సగం మబ్బుల్లో పాక్షిక సూర్యగ్రహణం కూడా అయింది. పచ్చడికి వేపపువ్వు ఇండియన్ షాపులో ఎండుది దొరికింది, మామిడికాయ దొరికింది. బాబు స్కూల్లో చేసిన కార్డు ఇచ్చాడు. కాకినాడతో టైం తేడా ఇక నాలుగున్నర గంటలే, మూడుంబావుకి బాబు స్కూల్ నుంచి వచ్చేసరికి అక్కడ పావుతక్కువ ఎనిమిది. మొన్నటిదాకా పావుతక్కువ తొమ్మిది అయ్యేసరికి అత్తయ్యగారు నిద్రమొహంతో మాట్లాడేవారు.

తోటమాలి_రెడింగ్ · 30 మార్చి

అత్తయ్యగారికి పని సిద్ధం చేసి పెట్టండి. గోంగూర విత్తనాలు ఏప్రిల్లో లోపల కిటికీ గట్టు మీద చిన్న కుండీల్లో వెయ్యండి. మీ వైపు మే ఆఖరి దాకా రాత్రి మంచు పడొచ్చు, జూన్‌లో గానీ బయట పెట్టొద్దు. మెంతికూర ఇప్పుడే వెయ్యొచ్చు. తోటకూర మే ఆఖర్న. కొత్తిమీర ఒక్కసారే వేస్తే జూన్ ఎండకి పూతకొచ్చేస్తుంది, రెండు మూడు వారాలకోసారి కొంచెం కొంచెం చల్లుతూ ఉండాలి. కరివేపాకు చలికాలమంతా ఇంట్లోనే, ఆకు రాలిందని పారెయ్యకండి, వసంతంలో చిగురిస్తుంది.

లీడ్స్_లక్ష్మి · 14 జూన్

చాలా రోజులైంది రాసి. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి.

దిగిన మొదటి వారం అత్తయ్యగారు వెలుగు చూసి పొద్దెక్కిందనుకుని వంటింట్లోకి వచ్చేవారు, చూస్తే అయిదున్నర. ఇప్పుడైతే నాలుగున్నరకే తెల్లారుతోంది, గదికి నల్ల తెరలు కట్టాం. పిల్లలు మాత్రం "సూర్యుడుండగా పడుకోమంటావేంటి" అని రోజూ గొడవ. బ్లూబెల్ పూలు చూడటానికి ఇల్క్లీ దగ్గర మిడిల్టన్ వుడ్స్‌కి తీసుకెళ్ళాం. చెట్ల కింద నేలంతా నీలం. అత్తయ్యగారు చెప్పులు విప్పి నిలబడిపోయారు.

మామయ్యగారి సంగతి అడగక్కర్లేదు. లీడ్స్–లివర్‌పూల్ కాలవ మా ఇంటికి దగ్గరే, పొద్దున్నే ఆ గట్టు మీద నడక. కుక్కని తిప్పే ఒక పెద్దాయనతో స్నేహం కుదిరింది. ఇద్దరూ వాతావరణం గురించే మాట్లాడుకుంటారు, రోజూ. శనివారం బస్సెక్కి కిర్క్‌గేట్ మార్కెట్‌కి వెళ్ళి కానాగంతలు తెస్తారు. మొదటిసారి చేప మొప్పలు ఎత్తి చూస్తుంటే అమ్మేవాడు నవ్వి మంచిది ఏరి ఇచ్చాడట, ఇప్పుడు ఈయన వస్తే పక్కకి తీసి ఉంచుతున్నాడు.

ఒక సందేహం. అత్తయ్యగారు సంధ్యాదీపం ఎప్పుడు పెట్టాలి? సూర్యాస్తమయం తొమ్మిదీ నలభైకి. అప్పటికి పిల్లలు నిద్రపోతారు, ఆవిడకి పిల్లలు పక్కన ఉండి దణ్ణం పెట్టుకోవాలి.

గోదారిగట్టు · 14 జూన్

మా అమ్మ జూన్‌లో ఏడింటికి పెట్టేది, డిసెంబర్లో నాలుగింటికి. టివిడేల్ బాలాజీ గుడిలో పూజారిగారిని అడిగితే ఇంట్లో పిల్లలు కూర్చోగలిగిన వేళ పెట్టుకోమన్నారు.

స్లౌ_సుబ్బు · 14 జూన్

మా అత్తగారు ఒప్పుకోరు. అస్తమయం అంటే అస్తమయమే. తొమ్మిదిన్నరకి అలారం పెట్టుకుని మరీ లేస్తారు. ఎవరి పట్టింపు వాళ్ళది.

లీడ్స్_లక్ష్మి · 15 జూన్

ఏడింటికి పెట్టించాం. ఎండ ఇంకా కిటికీలోంచి కుంది మీద పడుతూనే ఉంది. పాప ఊది ఆర్పబోయింది, పుట్టినరోజు అనుకుని.

గ్లాస్గో_గౌతమ్ · 15 జూన్

😀 మాకు పదింటిదాకా వెలుగే.

లీడ్స్_లక్ష్మి · 12 జూలై

నిన్నటి నుంచి యార్క్‌షైర్‌లో హోస్‌పైప్ నిషేధం. వానల దేశం అని వచ్చాం! మామయ్యగారు తోటకూరకి పైపుతో నీళ్ళు పెట్టకూడదంటే నమ్మలేదు. పై గదిలో రాత్రి కూడా ఉక్క. ఫ్యాను లేదు.

తోటమాలి_రెడింగ్ · 12 జూలై

వాటరింగ్ క్యాన్‌తో పొయ్యొచ్చు, నిషేధం పైపుకే. వాన నీళ్ళ పీపా ఒకటి పెట్టుకోండి వచ్చే ఏడాదికి. పగలు ఎండపడే వైపు కిటికీలూ తెరలూ మూసే ఉంచండి, రాత్రి చల్లబడ్డాక అన్నీ తెరవండి. ఈ ఇళ్ళు వేడిని లోపల దాచుకోవడానికి కట్టినవి. 2022 జూలై 19న లింకన్‌షైర్‌లో 40.3 డిగ్రీలు వచ్చింది, ఆ రోజు రాత్రి మేము కింద హాల్లో నేలమీద పడుకున్నాం. స్టాండ్ ఫ్యాన్ ఏప్రిల్లోనే కొనాలి, ఎండ వచ్చాక షాపుల్లో మిగలవు.

లీడ్స్_లక్ష్మి · 24 ఆగస్టు

స్కూల్ సెలవులు నాలుగు వారాలు గడిచాయి, నా సెలవులేమీ ఖర్చు కాలేదు. గోదారిగట్టు గారి మాట అక్షరాలా నిజమైంది. బాబుకి తెలుగు గుణింతాలు తాతయ్య నేర్పారు. కాలవ గట్టు మీద బ్లాక్‌బెర్రీలు ఈ ఏడు తొందరగా పండిపోయాయట. పిల్లలు డబ్బా నిండా కోసుకొస్తే అత్తయ్యగారు బెల్లం, ఆవపొడి, ఎండుమిరప వేసి పచ్చడి చేశారు. నల్లగా మెరుస్తూ, పులుపూ తీపీ. గింజలు పంటికి తగులుతాయి, అది తప్ప దోసెలోకి చాలా బాగుంది. ఆ కుక్క పెద్దాయనకి సీసాలో పెట్టి ఇచ్చాం, చీజ్‌తో తిన్నాడట.

పాలమూరు_పిల్ల · 24 ఆగస్టు

కొలతలు రాయండి అక్కా, జల్ది!

లీడ్స్_లక్ష్మి · 24 ఆగస్టు

పండ్లు రెండు గ్లాసులైతే బెల్లం అర గ్లాసు, ఆవపొడి చెంచాడు, ఉప్పు. నూనెలో ఎండుమిరప వేయించి దంచి కలపాలి. నీళ్ళు వెయ్యొద్దు. ఫ్రిజ్‌లో పెట్టాలి, మన ఆవకాయలా నిలవుండదు.

పాలమూరు_పిల్ల · 30 సెప్టెంబర్

సద్దుల బతుకమ్మ అయింది. తంగేడు, గునుగు ఇక్కడ ఎక్కడివి? సూపర్‌మార్కెట్ల చామంతులు, పక్కింటి ఆమె పెరట్ల డేలియాలు, హైడ్రేంజియాలు పేర్చినం. ఆమె పూలు ఇయ్యడమే కాదు, వచ్చి మాతోటి చప్పట్లు కొట్టుకుంట తిరిగింది. చింతచిగురు అక్క కూడా వచ్చింది.

లీడ్స్_లక్ష్మి · 7 అక్టోబర్

ఆదివారం అత్తయ్య, మామయ్య వెళ్ళారు. సరిగ్గా ముందురోజు దాకా ఆమీ తుఫాను గాలులు, విమానం ఆగుతుందేమోనని ఒకటే టెన్షన్, ఆగలేదు. ఇల్లు ఖాళీగా ఉంది. పాప ఈ ఏడాది జలుబు లేకుండా సెప్టెంబర్ దాటింది. మామయ్యగారు వచ్చే ఏడు కూడా ఏప్రిలే అన్నారు.

గోదారిగట్టు · 7 అక్టోబర్

మంచిది. కానీ ప్రతి ఏడూ ఆరేసి నెలలు వస్తూ ఉంటే ఇక్కడే కాపురం ఉంటున్నారని ఎయిర్‌పోర్ట్‌లో అడగొచ్చు. మధ్యలో ఒక ఏడాది మీరే వెళ్ళండి. స్కూల్ ఉన్నప్పుడు మాత్రం వద్దు. ఐదు రోజులు ఎగ్గొడితే ఇంగ్లండ్‌లో ఒక్కో బిడ్డకి తల్లికి 80 పౌండ్లు, తండ్రికి 80 పౌండ్లు జరిమానా, 21 రోజుల్లో కట్టకపోతే 160.

ఎంకే_మౌనిక · 9 అక్టోబర్

ఇప్పుడే మొత్తం చదివాను. మిల్టన్ కీన్స్‌లో ఉంటాం. నాకు ఫిబ్రవరి మొదటి వారంలో డెలివరీ, తొలికాన్పు. అమ్మ ఒక్కతే, మోకాళ్ళ నొప్పులు. మీరంతా ఏప్రిల్ అంటున్నారు. నాకేమో ఫిబ్రవరిలోనే అమ్మ కావాలి.

గోదారిగట్టు · 9 అక్టోబర్

కాన్పుకి కాలం చూడకూడదమ్మా. జనవరి మధ్యలో దిగేలా పిలుచుకో, జూలై దాకా ఉంటుంది. మొదటి రెండు నెలలు పసిబిడ్డతో ఎలాగూ ఎవరూ బయటికి వెళ్ళరు, ఆ తర్వాత వెలుగు వస్తుంది.

చింతచిగురు · 9 అక్టోబర్

అమ్మ వచ్చిన మొదటి వారమే ఎవరో ఒకరు ఇంటికి వచ్చేలా చూడు. నేను లూటన్‌లో ఉంటాను, దగ్గరే. నేను వస్తాను.

నర్స్_అక్క · 9 అక్టోబర్

అమ్మ ఇన్సూరెన్స్‌లో మోకాళ్ళ సంగతి రాయించు. మందులు ఆరు నెలలకి సరిపడా, చీటీతో సహా తెచ్చుకోవాలి. అడుగున పట్టు ఉన్న బూట్లు ఇక్కడే కొను, మంచు మీద మన చెప్పులు జారతాయి. మెట్లకి రెండో వైపు కూడా పట్టుకునే కర్ర వేయించు. తల్లిపాలు తాగే బిడ్డకి పుట్టినప్పటి నుంచీ విటమిన్ డి చుక్కలు వెయ్యాలి, మిడ్‌వైఫ్ చెబుతుంది, చెప్పకపోతే నువ్వే అడుగు. ఆర్‌ఎస్‌వీ (పసిపిల్లల ఊపిరితిత్తులకి వచ్చే వైరస్) టీకా 28వ వారం నుంచి నీకు వేస్తారు, వేయించుకున్నాక ఇక్కడ ఒక మాట రాయి.